కంకర కొట్టేవాళ్ళు మెంబర్లు కారు

కొత్తకోట దాటాక, హైదరాబాదు రోడ్డు పక్కన ఉన్న నల్లగుట్ట మీద ఆ రోజు సుత్తుల చప్పుడు లేదు. రాతి పనివాళ్ళ సహకార సంఘం సర్వసభ్య సమావేశం. రేకుల షెడ్డు కింద మగవాళ్ళు కూర్చున్నారు. వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకున్న ఆడవాళ్ళు కంకర కుప్పల దగ్గర్నుంచి లేచి వచ్చేసరికి వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు.

"మీరు బయటనే కూసోండ్రి. లోపట జాగ లేదు."

లోపల కావలసినంత జాగా ఉంది. హుస్సేన్ బీ కళ్ళారా చూస్తూనే ఉంది.

సెక్రటరీ గబగబా ఒక కాగితం చదివాడు. సంఘం నియమావళి అయిన బైలాలో చిన్న సవరణ అట. ఇకమీదట గుట్ట నుంచి బండ తీసేవాళ్ళే సభ్యులు. ఆ బండను కంకర కొట్టేవాళ్ళు రోజుకూలీలు, వాళ్ళకు ఓటుండదు.

బండ తీసేది మగవాళ్ళు. కంకర కొట్టేది ఆడవాళ్ళు.

"ఒప్పుకునేటోళ్ళు చెయ్యి లేపుండ్రి" అన్నాడు ప్రెసిడెంటు పటేల్. ఆయన జన్మలో సుత్తి పట్టినవాడు కాదు. చేతులు ఒక్కొక్కటే లేచాయి. వాటిలో హుస్సేన్ బీ భర్త ఖుద్దూస్ చెయ్యి కూడా ఉంది. బయట కూర్చున్న ఆడవాళ్ళను అడిగినవాడు లేడు. వాళ్ళు కూడా ఒప్పుకున్నట్టే రాసుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి పొయ్యి దగ్గర హుస్సేన్ బీ భర్తను నిలదీసింది. "ఎందుకు లేపినవ్?"

"పటేల్ చెప్పిండు. ఆడోళ్ళ పేర్లు తీసేస్తే మాకు ఏడాదంత పని అన్నడు. నీ పని యాడికి పోతది? కంకర నువ్వే కొడ్తవ్ గద."

"ఓటు పోయినంక పని ఉంటదా?"

ఖుద్దూస్ ఇంకో రొట్టె తుంచుకున్నాడు.

పని ఎట్లా పోతుందో తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పటేల్ గుట్ట మీదికి క్రషర్ తెస్తున్నాడు. ఊరి ఆడవాళ్ళంతా వారమంతా కొట్టే కంకర ఆ మిషను ఒక్క పూటలో కొడుతుంది. ప్రభుత్వం గుట్టను కౌలుకిచ్చింది సంఘానికి. సంఘం ఒప్పుకోనిదే మిషను రాదు. కిందటేడు పటేల్ ఆ మాట ఎత్తితే, సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళే గనుక, సాగనివ్వలేదు. ఇప్పుడు ఆ సగం లేదు. సంఘం ఎన్నికలు దగ్గర పడ్డాయి.

కూలిసంఘం నాయకుడు ఎల్లస్వామి గుట్టకు వచ్చి ఆడవాళ్ళ నడుమ కూర్చున్నాడు. "ఆఫీసు వాళ్ళది, చట్టం వాళ్ళది. అయినా అడుగుదాం. ఊకుంటే మనం ఒప్పుకున్నట్టే."

వంతులేసుకుని పాలమూరులోని సహకార శాఖ ఆఫీసుకు పోయారు. పోయిన ప్రతిసారీ వాయిదా. ఆఫీసరు మీటింగులో ఉన్నాడు, సెలవులో ఉన్నాడు, బదిలీ అయ్యాడు. చివరికి కొత్తాయన వచ్చి ఫైలు తిరగేశాడు.

"ఈ ఫిర్యాదు సంఘం సభ్యులే చెయ్యాలి. కొత్త బైలా ప్రకారం మీరు సభ్యులు కారు. మీ దరఖాస్తు చెల్లదు."

"ఆ బైలానే తప్పని గద సారూ మేమొచ్చింది?" అంది హుస్సేన్ బీ.

"అది తప్పని సభ్యులెవరైనా వచ్చి చెప్పాలమ్మా."

చట్టం ఎంత నున్నగా చెక్కిన బండో వాళ్ళకు అప్పుడు అర్థమయింది. పట్టుకుందామంటే ఎక్కడా చెయ్యి ఆనదు.

"ఒక్క మొగోడు సంతకం పెడితే హైకోర్టు దాక పోవచ్చు" అన్నాడు ఎల్లస్వామి. ఒక్క మొగోడి కోసం ఆడవాళ్ళు వాడవాడా తిరిగారు. బండ తీసేవాళ్ళలో అందరికంటే పెద్దవాడు సైదులు తల వంచుకున్నాడు.

"పటేల్‌తోటి పగ పెట్టుకొని గీ గుట్ట మీద బతుకుతమా బిడ్డా?"

"ఇయ్యాల మమ్ముల తీసేసినోడు రేపు నిన్ను ఉంచుతడా?" అంది నర్సింగమ్మ. ఆమె చంకలో చంటిపిల్ల ఉంది. సైదులు లేచి లోపలికి పోయాడు.

హుస్సేన్ బీ ఖుద్దూస్‌ను సంతకం పెట్టమని అడగలేదు. అతను కూడా తనంతట తాను ఆ మాట ఎత్తలేదు.

ఎన్నికల నాడు ఆడవాళ్ళంతా బడి దగ్గరికి పోయి లైనులో నిలబడ్డారు. పోలీసులు వాళ్ళను పక్కకు నెట్టారు. "మేం కొట్టిన కంకర మీదనే మీ జీపు ఉరుకుతాంది" అని నర్సింగమ్మ అరిచింది. మగవాళ్ళు నేల చూస్తూ ముందుకు జరిగారు. సైదులు ఒక్కడే లైను విడిచి బయటికొచ్చాడు. ఓటెయ్యకుండానే ఇంటికి పోయాడు. చీకటి పడకముందే పటేల్ మెడలో దండలు పడ్డాయి.

తెల్లారి క్రషర్‌ను మోసుకుని లారీ వచ్చింది. ఆడవాళ్ళు గుట్టదారికి అడ్డం కూర్చున్నారు. పోలీసులు జుట్లు పట్టి ఈడ్చి అందరినీ కొత్తకోట ఠాణాకు తోలారు.

"గుట్ట దిక్కు రామని వేలిముద్రలేసి పోండి" అన్నాడు ఎస్సై. సగంమంది వేశారు. ఇంట్లో పిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు. ఎవరినీ ఎవరూ తప్పు పట్టలేదు. నర్సింగమ్మ వెయ్యలేదు. హుస్సేన్ బీ వెయ్యలేదు.

పొద్దు గుంకే వేళ ఖుద్దూస్ సద్ది తెచ్చాడు. కటకటాల ఇవతల నిలబడి చెప్పాడు.

"బండ తొలిచే మిషన్లు గూడ దించిండ్రు. కర్ణాటకోళ్ళను తెచ్చుకున్నరు. మమ్ముల రేపట్నుంచి రావద్దన్నరు. వేలిముద్రేసి ఇంటికి రా."

"ఏ పనికి రావాలె?"

అతను సద్దిగిన్నె మూత తీయబోయాడు.

"ఆఫీసులకు తిరగకుండ్రి" అంది హుస్సేన్ బీ. "మేం తిరిగినం. దారి మీద కూసోండ్రి."

"ఎంతమంది వస్తరు? అందరికీ భయమే."

"మాకు లేదా భయం?"

సద్దిగిన్నె అక్కడే పెట్టి అతను వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున వాళ్ళను వ్యాన్ ఎక్కించి పాలమూరు జైలుకు తీసుకుపోయారు. నల్లగుట్ట దగ్గరికి వచ్చేసరికి మిషను హోరు, తెల్లటి దుమ్ము. గుట్టదారి మొదట్లో లారీకి అడ్డంగా మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. గట్టిగా పదిమంది కూడా లేరు. పోలీసు జీపు అప్పటికే వాళ్ళ వైపు తిరుగుతోంది. ఖుద్దూస్ వాళ్ళలో ఉన్నాడో లేడో హుస్సేన్ బీకి ఆ దుమ్ములో కనిపించలేదు. వ్యాన్ ఆగలేదు.

పిల్లకు పాలిస్తున్న నర్సింగమ్మ వ్యాన్ కిటికీ జాలీ దగ్గరికి జరిగింది. "ఎవరక్కా వాళ్ళు? మనోళ్ళేనా?"

హుస్సేన్ బీ జాలీకి ముఖం ఆనించి వెనక్కి చూస్తూనే ఉంది.

"మనోళ్ళే" అంది.