గార్డు సాబ్ భుజం

నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక గల్లీలో, ఒక పాత బిల్డింగు పై అంతస్తులో ఉండేవాళ్ళు మహీధర్ కుటుంబం. ఆ ఇంట్లో పొద్దు పాలతో మొదలై పాలతోనే ముగిసేది. మహీధర్ భార్య హైందవి పాపకు పాలిచ్చేది, లేచేది, పాపను నిటారుగా భుజానికెత్తుకుని వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచేది. పాప కాసేపు ఊరుకునేది. అంతలోనే వీపు విల్లులా వంచి, మొహం కందగడ్డ చేసుకుని కేరుమనేది. తాగినవన్నీ భళ్ళున కక్కేది. ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, మళ్ళీ పాలకు కూర్చునేది హైందవి. వరండా తీగ మీద పాప తువ్వాళ్ళు తప్ప ఇంకెవరి బట్టలకూ చోటుండేది కాదు.

పాప పేరు శ్రీనిధి. నెలలు నిండే పుట్టింది, నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుంది. కానీ ఆ నవ్వు పాలకు ముందు మాత్రమే.

"కక్కే బిడ్డ దక్కే బిడ్డ. ఊకె పరేషాన్ గాకు," అనేది అత్తగారు విమల. అన్న మనిషే ఒకనాడు ఫోన్లో ఎవరితోనో, "ఏమో వదినా, తల్లి పాలే పడ్తలేవో ఏందో," అంది. వంటింట్లో ఉన్న హైందవి చెవిన ఆ మాట పడింది. పడి, అక్కడే ఉండిపోయింది.

చిరాగ్ అలీ గల్లీలో పిల్లల డాక్టరు చంద్రిక పాపను చూసి భయపడలేదు. "కడుపుకీ గొంతుకీ మధ్య తలుపు ఇంకా గట్టిగా మూసుకోవట్లేదమ్మా. ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుంది. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టించండి. తాగాక ఓ అరగంట నిటారుగా ఎత్తుకోండి. పడుకోబెట్టేది మాత్రం వెల్లకిలానే, బోర్లా వద్దు. ఆకుపచ్చగా కక్కినా, నెత్తురు చారలు కనిపించినా వెంటనే తీసుకురండి," అంది. తర్వాత బరువు కాటా వంక చూసింది. "బరువే పెరగలేదు. వచ్చే నెలా ఇలాగే ఉంటే దవాఖానలో చేర్చి పరీక్షలు చేయించాలి."

ఆ నెల మొదలైన దగ్గర్నుంచీ హైందవికి పాల వేళంటే భయం. పాప ఏడవకముందే ఆమె మెడ బిగుసుకునేది, భుజం రాయయ్యేది. ఈసారి వెళ్ళినప్పుడు, పాలు మానిపించి డబ్బా పాలు పట్టమంటారా అని డాక్టరునే అడగాలనుకుంది. ఆ మాట మహీధర్‌కు కూడా చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం పాప ఏడుపు ఎంతకీ ఆగకపోతే విమల వరండాలోంచి కిందికి వంగి పిలిచింది. "వామన్‌రావన్నా! జర పైకి వస్తవా?"

కింది వాటాలో ఒంటరిగా ఉండే వామన్‌రావు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. బిల్డింగంతా గార్డు సాబ్ అనే పిలుస్తారు. ఆయన ఎడమ భుజంలో రైలు నడుస్తుంది. రిటైరైన రోజు ఆయన చివరి పెట్టెలోంచి దిగాడు గానీ, రైలు ఆయనలోంచి దిగలేదు. గల్లీ చివరి మంగలి గడ్డం గీసేటప్పుడు ఎడమ చెంప దగ్గరికి రాగానే కత్తి పైకెత్తి, "పట్టాలు మారుతున్నయా సాబ్?" అని అడిగి, ఊగుడు తగ్గాకే గీస్తాడు. దర్జీ ఆ భుజానికి రెండు వరసలు కుట్టు వేస్తాడు, లేకుంటే నెలకే విడిపోతుంది. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

వామన్‌రావు చేతులు కడుక్కుని వచ్చాడు. "తే బిడ్డా, జర నాకియ్యి."

పాపను నిటారుగా ఎత్తి ఎడమ భుజానికి ఆనించుకున్నాడు. పాప ఒకసారి వెక్కింది. చెవి ఆయన చొక్కాకు తాకగానే కళ్ళు పెద్దవి చేసింది. టకటక, టకటక. చిన్న ఒళ్ళంతా ఆ లయకు ఊగింది. రైలు ఏదో వంతెన ఎక్కినట్టుంది, చప్పుడు గుల్లగా మారింది. పాప పెద్దమనిషిలా బ్రేవుమని తేన్చింది. పాలు లోపలే ఉన్నాయి. వరండాలో ఎక్కడినుంచో పండిన సీతాఫలాల వాసన వేసింది.

"వికారాబాద్ దాటిన్రా?" అడిగింది విమల, కందిపప్పు చెరుగుతూ.

"ఔ. జర లేటుంది."

అప్పట్నుంచి హైందవి పాలివ్వడం, వామన్‌రావు ఎత్తుకోవడం అలవాటైపోయింది. పాప కక్కడం పూర్తిగా మానలేదు, తగ్గింది. మధ్యాహ్నాలు నెమ్మదిగా, మబ్బు నీడల్లా సాగిపోయేవి. ఆయన నడుస్తుంటే పాప కళ్ళలో చెట్లు వెనక్కి పరుగెత్తేవి, చెరువులు మెరిసేవి. హైందవి ఆ కళ్ళలోకి చూస్తూ కూర్చునేది. చూసినకొద్దీ సంతోషమూ, దాని అడుగున చిన్న ముల్లూ.

ఒకరోజు అడిగేసింది. "బాబాయ్‌గారూ, నా దగ్గరెందుకు ఊరుకోదండీ? దాన్ని ఎత్తుకోవాలంటేనే నాకు భయమేస్తోంది. నా పాలు మంచివి కావేమో."

వామన్‌రావు పాప వీపు నిమిరాడు. "పాలకేమైంది బిడ్డా? మంచిగ తాగుతలేదా? నీ భుజం కట్టె లెక్క అయితున్నది, అంతే. నన్ను జూసి కుళ్ళుకోకు. నేను పక్క మీద నడుం వాల్చి ఎన్నేండ్లాయె! పండుకుంటే బండి పక్కకు ఒరుగుతది. కుర్చీలనే నిద్ర. వికారాబాద్‌ల మా జానకక్క రమ్మని రమ్మని యాష్టపడ్డది. ఇంకో బండెక్కితే ఈ బండి ఊకోదు, లోపల రెండూ గుద్దుకున్నట్టయితది."

"దింపేయలేరా?"

"నాగ్గూడ దిగాల్ననే ఉన్నది. ఛార్జి తీస్కునే మనిషి రావాలె గదా. నడిమిట్ల ఇడిసిపెట్టి గార్డు పోతడా?"

ఆ ఆదివారం హైందవి, పాప, వామన్‌రావు ముగ్గురూ అబిడ్స్ పోయారు. షాపులు మూసి ఉంటే ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. పాపను హైందవే గుడ్డ ఉయ్యాలలో గుండెకు కట్టుకుంది. పెద్ద పోస్టాఫీసు దాటాక వాన మొదలైంది. పుస్తకాల వాళ్ళు గబగబా ప్లాస్టిక్ కవర్లు కప్పేశారు. వీళ్ళు ఒక మూసిన బట్టల దుకాణం అరుగెక్కారు. పాపకు ఆకలేసింది. హైందవి గోడవైపు తిరిగి, చున్నీ చాటున పాలిచ్చింది.

తాగడం అయ్యాక పాప వీపు వంచడం మొదలుపెట్టింది. హైందవి అలవాటుగా చేతులు చాచి వామన్‌రావుకు అందించబోయింది. ఆయన దగ్గరికి వచ్చాడు గానీ పాపను అందుకోలేదు. తన ఎడమ భుజాన్ని ఆమె కుడి భుజానికి ఆనించి నిలబడ్డాడు.

"ఊపిరి ఇడువు బిడ్డా. మెల్లగ."

ఆమె ఊపిరి వదిలింది. మొదట ఇంజను బరువు తెలిసింది, ఎముక లోపల వెచ్చగా. తర్వాత పెట్టె వెనక పెట్టె, ఒకదాంట్లో ఎవరో పిల్లను జోకొడుతున్నారు, ఒకదాంట్లో పల్లీలు ఒలుస్తున్నారు, ఒకదాని కిటికీలోంచి ఎవరిదో ఎర్రచీర కొంగు ఎగురుతోంది. అన్నీ ఆమెలోకి వచ్చేశాయి. బిగుసుకున్న మెడ వదులైంది. పాప తలను ఆ భుజం మీద పెట్టుకుంది. వాన చప్పుడూ పట్టాల చప్పుడూ కలిసిపోయాయి. పాప తేన్చి, అమ్మ మెడ వంపులో మొహం దాచుకుంది.

వామన్‌రావు పక్కకు జరిగాడు. భుజం తడుముకున్నాడు. ఆయన మొహం మీద వాన చినుకులే ఉన్నాయో, ఇంకేమైనా ఉందో హైందవికి తెలియలేదు.

"మరి ఇక నేనెలా పడుకోవాలండీ?" అంది భయంగా.

ఆయన ఆమె భుజం దగ్గర చెవి పెట్టి విన్నాడు. "నాది ఎక్స్‌ప్రెస్ ఉండె. నీకొచ్చినంక ప్యాసింజరయింది. పాప నిద్రపోతే అది గూడ ఆగుతది. ఫికర్ జెయ్యకు."

అలాగే జరిగింది. నెలాఖరున కాటా మీద పాపను పడుకోబెట్టి, డాక్టరు చంద్రిక ముల్లు చూసి నవ్వింది. "పెరిగింది. బాగా పెరిగింది. కూర్చునేదాకా అప్పుడప్పుడూ కక్కుతూనే ఉంటుంది, కంగారు పడకండి. పాలు ఇవే ఇవ్వండి." హైందవి అడగాలనుకున్నది అడగలేదు. పక్కన విమల గొంతు సవరించుకుంది. "నా కోడలి పాలకేం తక్కువ డాక్టరమ్మా," అంది, ఎవరో కాదన్నట్టుగా.

మర్నాడు పొద్దున వామన్‌రావు చేతిసంచీతో స్టేషనుకు నడిచాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ప్రయాణికుడిగా టికెట్టు కొన్నాడు. అక్క కోసం డబ్బానిండా ఉస్మానియా బిస్కట్లు పెట్టుకున్నాడు.

సాయంత్రం హైందవికి ఫోన్ వచ్చింది. ఆమె పాపను భుజానేసుకుని నడుస్తోంది.

"బిడ్డా, నేను." గొంతులో కొత్త బద్ధకం. "పై బెర్తు మీద కాళ్ళు జాపిన. నిద్రబట్టింది. వికారాబాద్ దాటిపోయింది. ఊడ్చేటాయన లేపిండు. బీదర్‌ల ఉన్న."

"అయ్యో! మరి జానకమ్మగారు ఎదురుచూస్తుంటారు కదండీ?"

"చెప్పిన. నవ్వుతున్నది. గార్డుగిరీ చేసినోడివి, నీ స్టేషనే నీకు తెలువలేదా అంటున్నది."

"వెనక్కి బండి ఉంది కదా, ఎక్కేయండి మరి."

"ఉన్నది," అన్నాడు ఆయన, ఆవులిస్తూ. "రేపు ఎక్కుత. ఈడ స్టేషన్ల మంచి బల్ల ఉన్నది బిడ్డా. ఇంకోసారి పండుకుంట."