రెండో కిటికీ తడి

ఒక మనిషి రాత్రంతా విడిచిన ఊపిరి తెల్లారేసరికి ఒక కప్పు నీళ్ళవుతుంది. అమెరికాలోని నార్త్ డకోటా చలికాలాన్ని ట్రైలర్లో, అదే చక్రాల మీది రేకు ఇంట్లో, గడిపేవాళ్ళు ఎవరైనా ఈ లెక్క చెబుతారు. లేస్తూనే కిటికీలకు అడ్డం పెట్టిన వెండిరేకు అట్టలు తీసి, అద్దాల మీది తడిని గుడ్డతో అద్ది, కప్పులోకి పిండి, బయట పారబోయాలి. నాలుగు రోజులు బద్ధకించామా, గోడలు బూజు పట్టిపోతాయి.

వెర్నా బద్ధకస్తురాలు కాదు. అరవై ఆరేళ్ళ మనిషి, నేల కిందికి గాలి దూరకుండా ట్రైలర్ చుట్టూ గడ్డిమోపులు తానే పేర్చుకుంది. మంచానికీ వంటగట్టుకూ మధ్య దుప్పటి కట్టి, ఉన్న కాస్త వేడినీ మంచం వైపే ఆపుకుంది. ఆవిడ చేసిన తప్పల్లా పైకప్పులోని గాలిమూతను బిగించెయ్యడం. భర్త ఆర్విడ్ దాన్ని ఎప్పుడూ వేలెడంత తెరిచి ఉంచేవాడు. "కొన్న వేడిని కాకులకు పోస్తావా?" అని ఆవిడ, "తడి పోవడానికి దారుండొద్దటే?" అని అతను, పది చలికాలాలు పోట్లాడుకున్నారు. నవంబరులో అతను ఆ మంచం మీదే గుండె ఆగి పోయాడు. ఎదురు చెప్పేవాడు లేకుండా నెగ్గిన పంతంలో ఏం సుఖముంటుంది? అయినా మూత బిగించింది.

జనవరి మొదటివారంలో ఆవిడ పక్కనున్న కిటికీ ఎప్పటిలాగే ఒక కప్పు నీళ్ళిచ్చింది. మంచానికి రెండో పక్క, ఇప్పుడెవరూ పడుకోని ఆర్విడ్ వైపు కిటికీ కూడా ఒక కప్పు ఇచ్చింది. సూప్ ఆవిరి కాబోలనుకుని సూప్ కాచడం మానేసింది. నీళ్ళు తగ్గలేదు. ఒక రాత్రి పక్క ట్రైలర్లోని డార్లా దగ్గర పడుకుని పొద్దున్నే వచ్చి చూస్తే, తన వైపు అద్దం పొడిగా ఉంది. అతని వైపు నిండా తడి, పడుకున్న మనిషి నోటి ఎత్తులో మరీ చిక్కగా.

భయపడింది. ఒక్క పూటే. మర్నాటి నుంచి ఆ పక్కకు తిరిగి "లేచావా?" అని అడగడం మొదలుపెట్టింది.

కానీ దగ్గు పట్టుకుంది. మళ్ళీ న్యుమోనియా వస్తే ఈసారి లేవలేవని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ మాట తెలిసి డార్లా వచ్చింది. పద్నాలుగు చలికాలాలు ట్రైలర్లోనే గడిపిన మనిషి, నోటికి అదుపు లేదు.

"ఏమే, ఇది ఇల్లా, ఆవిరి కుండా? గోడ చూడు, ఎలా నల్లబడిందో! తడిగాలిని కాచడానికి గ్యాసంతా తగలేస్తున్నావు. పొడిగాలైతే చిటికెలో వేడెక్కుతుంది. ఆ మూత తెరువు."

"తెరిస్తే పోతాడే."

"ఎవడు?"

వెర్నా రెండో కిటికీ చూపించింది. డార్లా అరచేత్తో అద్దాన్ని తుడిచింది. తుడిచినచోట మసకపట్టింది, తేటపడింది, మళ్ళీ మసకపట్టింది, తీరిగ్గా. డార్లా చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నీ మొగుడు గురక పెట్టేవాడు కదూ?"

"నీకు వినపడలేదూ?"

"ఇప్పటికీ వినపడుతోంది. గాలనుకున్నా." గొంతు తగ్గించింది. "అతనికి ఊపిరి ఉన్నా లేకపోయినా ఒకటే. నీకు అలా కాదు. తెరువు, వెర్నా."

ఆ సాయంత్రం వెర్నా స్టూలెక్కి మూత వేలెడంత తెరిచింది. "నన్ను బతకనివ్వవయ్యా" అని పైకే అని, స్టూలు మీదే కూర్చుని ఏడ్చింది.

తెల్లారేసరికి రెండో అద్దం పొడిగా ఉంది. మంట తగ్గించినా ట్రైలర్ వెచ్చగానే ఉంది. మూడు రోజుల్లో దగ్గు నెమ్మదించింది. "చూశావా మరి!" అంది డార్లా. వెర్నాకు మాత్రం ఆ వెచ్చదనం సొంతమనిపించలేదు.

నాలుగో పొద్దున బయట సున్నాకు ముప్పై డిగ్రీల కింద చలి. రెండో కిటికీ మీద పళ్ళెమంత తెల్లటి మరక కనిపించింది. వెర్నా గుడ్డతో తుడిచింది. పోలేదు. గోటితో గీకింది. అద్దం ఇటువైపు నున్నగా ఉంది. మంచు అటువైపు పేరుకుంది, నేల మీద నిలబడ్డ మనిషి నోటి ఎత్తులో. ఆవిడ చూస్తుండగానే దాని నడిమధ్య కాస్త కరిగి, మసకపట్టి, మళ్ళీ గడ్డకట్టింది.

"అయ్యో! ఇంత చలిలో నిలబెట్టేశానే నిన్ను!"

మేజోళ్ళతోనే పరుగెత్తి తలుపు బార్లా తీసింది. ఉన్న వేడంతా తెల్లటి పొగై బయటికి పోసాగింది. చలికి ఊపిరి అందక దగ్గు తెర ముంచుకొచ్చింది. అయినా తలుపు వదల్లేదు. పక్క ట్రైలర్ కిటికీలోంచి డార్లా అరిచింది.

"తలుపెయ్యవే! వేడంతా పోతోంది, చచ్చిపోతావ్!"

"ఉండవే" అంది వెర్నా, మెట్ల వైపే చూస్తూ. "బూట్లకున్న మంచు దులుపుకుంటున్నాడు."