ఆచార్యుని రాకకై కాచుకొన్న కోశములు

నిదాఘమధ్యాహ్న మార్తాండుని చండకిరణములకు సాగరతీరసైకతము పెనమువలె కాలుచుండగా వైద్యకళాశాలయందలి సూక్ష్మదర్శినీమందిరము మాత్రము శీతలయంత్రప్రసాదమున హేమంతమును తలపించుచుండెను. అందు పరిశోధకురాలగు నాంచారమ్మ గాజుబుడ్డిలోని ఉప్పునీట నానుచున్న ముసలియెలుక వెన్నుపాముముక్కను చూచుచు కూర్చుండెను.

ఆ మందిరమున కొక యాచారము కలదు. మందులో గట్టిపరచిన ముక్కను ఉప్పునీట కడుగుటకు పావుగంట చాలును. కాని ముక్క ముసలియెలుకదైనచో బిరుదభూషితుడగు ఆచార్య విశ్వపతిగారు వేంచేసి స్వహస్తమున నంటినగాని నీటినుండి తీయరాదు. నాడుల కొనలయందు రసాయనమును మోయు సూక్ష్మకోశములు వార్ధక్యమున చదునగునని కనుగొన్న మహానుభావునికి కాలనియమ మెక్కడిది!

"అయ్యగారొచ్చేదాకా ముసలెలకకి మోక్షం లేదమ్మా" అని అటెండరు సూరయ్య నవ్వెను. "పిల్లెలకలే నయం. వాటికి ఈ కాపలా లేదు."

ఆ మాట నాంచారమ్మ మనసున ములుకై నాటుకొనెను. మరునాడామె యాచారమును తలక్రిందు చేసెను. ముసలియెలుక ముక్కను పావుగంటకే తీసి పిల్లయెలుక ముక్కను ముసలిదానికి పరిపాటియైనట్లు నాలుగు గంటలు నాననిచ్చెను. సూక్ష్మదర్శినిలో తీసిన చిత్రములు వచ్చినవి. ముసలిదాని కోశములు ఆవగింజలవలె గుండ్రముగనుండెను. పిల్లదానివి అటుకులైపోయెను. మందు తాకనీయక క్షణములో గడ్డకట్టించిన ముక్కలయందు రెంటివియు గుండ్రములే.

"ముసలితనం కాదండీ" అని యామె చిత్రములను విశ్వపతిగారి బల్లపై నుంచెను. "మీకోసం ఉప్పునీళ్లలో నానడం."

"వానాకాలం బడినించి వచ్చి నాకు కడగడం నేర్పుతావుటే? నీ అయిదేళ్ల చదువుకి సంతకం పెట్టాల్సింది ఈ చెయ్యే. రేపు సభలో చదివే పత్రంలో నాకింద నీ పేరే వేశాను. వాటిని చింపి అవతల పారెయ్."

"అయితే నా పేరు తీసేస్తున్నానండీ" అని నాంచారమ్మ కలముతో పత్రముపై తన పేరును తానే కొట్టివేసెను. అయిదేండ్లును ఆ గీటుక్రింద పోయినవి. చిత్రములను మాత్రము చేతబట్టుకొని వెడలెను.

మరునాటి సన్మానసభకు విశ్వపతిగారు యథాపూర్వముగ మూడు గంటలు జాగుచేసి విచ్చేసిరి. అంతవరకు వేదికపై వేచిన మల్లెదండ కమిలి వాడి చదునై యుండెను. దానిని మెడ దాల్చుచు వారు మొగము చిట్లించిరి.

"ఏవయ్యా, ముసలి పూలు తెచ్చారేం?"

సభ ఘొల్లున నవ్వెను. కడపటి వరుసయందు నాంచారమ్మ నవ్వలేదు. ఒడిలోని కవరులో చిత్రములను సరిచేసి వైజ్ఞానికపత్రికాసంపాదకుని చిరునామాను మరియొకమారు చూచుకొని కవరు మూతిని మెల్లగా నంటించెను.