కొంచెం తక్కువ తీయండి

చేతులు భుజాలకంటే పైకి ఎత్తకూడదని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. మా వంటింట్లో నాకు కావలసినవన్నీ భుజాలకంటే పైనే ఉన్నాయని ఇంటికొచ్చాక తెలిసింది. పిండి డబ్బా పైన, పెద్ద గిన్నె పైన, టీపొడి ఇంకా పైన. ఇన్నేళ్ళూ మునివేళ్ళ మీద లేచి వాటిని అందుకున్నదాన్ని నేనే కాబట్టి అవి అంత ఎత్తులో ఉన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

"టీపొడి ఎక్కడుంది?" వంటింట్లోంచి మా ఆయన అడిగాడు.

"పై అరలో, ఎడంవైపు. నీలం మూత."

"ఇక్కడేం లేదు."

లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడి కళ్ళతోనే చూపించాను. డబ్బా ఆయన ముక్కుకు ఎదురుగానే ఉంది. "ఓ, ఇదా" అంటూ దించి, గట్టు మీద పెట్టి, బయటికి వచ్చేశాడు. దించడంతో ఆయన వంతు అయిపోయింది. పొయ్యి వెలిగించడం, నీళ్ళు పెట్టడం, కప్పులు కడగడం అనేవి ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ముందుగదిలో ఉల్లిపాయలు వలుస్తున్న మా అత్తయ్య తల ఎత్తకుండానే అంది. "రోగమొస్తే మంచమెక్కారంటే అర్థముంది. కోరి కోయించుకుని పడుకోవడం నేనెక్కడా చూళ్ళేదమ్మా."

మా ఆయన బడిలో డ్రాయింగ్ టీచరు. పోయినేడు పిల్లలతో పాటు బంతాటకు దిగి కాలు బెణికించుకున్నాడు. ఆ ఆట ఆడమని ఆయన్ని ఎవరూ బతిమాలలేదు, కోరి ఆడిందే. అప్పుడు ఇదే అత్తయ్య కొడుకు కాలికింద దిండు సర్దింది. నేను పనినుంచి వచ్చి అన్నం మంచం దగ్గరికే పట్టుకెళ్ళాను. కోరి తెచ్చుకున్న నొప్పి అని ఈ ఇంట్లో ఒక్కరి నోటినుంచీ రాలేదు.

నేను చేయించుకున్నది రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్. ఈ మాటను మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ పూర్తిగా పలకలేదు. అత్తయ్య 'అది' అంటుంది. మా ఆయన 'ఆ ప్రొసీజర్' అంటాడు. చుట్టాలకు మాత్రం చిన్న గడ్డ తీశారని చెప్పారు. గడ్డ అయితే మర్యాద. గడ్డ ఉన్న ఆడదాన్ని చూసి జాలిపడొచ్చు, పండ్లు పట్టుకు రావచ్చు. మెడ విరిగిపోతోంది, ఈ బరువు నేను మోయలేను అన్న ఆడదాన్ని చూసి ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

చిన్నప్పుడు నేను బాగా పరిగెత్తేదాన్ని. బళ్ళో నన్ను దాటినవాళ్ళు లేరు. ఏడో తరగతి మధ్యలో ఆటల టీచరు నన్ను పక్కకు పిలిచి, ఇకనుంచి నువ్వు పరిగెత్తక్కర్లేదు, స్కోరు చెబుదువుగాని అంది. ఎందుకని అడిగితే, పెద్దపిల్లవయ్యావు, అందరూ చూస్తారు అంది. చూసేవాళ్ళను పక్కన కూర్చోబెట్టాలని ఆమెకు తోచలేదు, నన్ను కూర్చోబెట్టింది. ఆ రోజునుంచి పుస్తకాలు గుండెకు హత్తుకుని నడవడం, భుజాలు ముందుకు వంచడం, బస్సులో మూల వెతుక్కోవడం మొదలైంది. పెళ్ళయ్యాక యూనిఫామ్‌లు కుట్టే వర్క్‌షాపులో చేరి, కుట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి కటింగ్ మాస్టర్‌నయ్యాను. మిషన్ల మీద కూర్చునే అమ్మాయిలు నన్ను మాస్టరమ్మా అంటారు. నా పని పొద్దస్తమానం బల్లమీదికి వంగి బట్ట కోయడం. మెడ పట్టేసేది. బ్రా పట్టీలు కోసుకుపోయి రెండు భుజాల మీదా వేలు పట్టేంత గుంటలు పడ్డాయి. చివరికి కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి కత్తెర జారడం మొదలైంది. ఒకరోజు సరుకు దించే మగవాళ్ళందరి ముందూ మా ఓనరు, "మాస్టరమ్మా, కాస్త వంగకుండా కోయలేరా, ఇటు మావాళ్ళ పని సాగడం లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కోస్తున్న బట్ట పూర్తిచేసి, బాత్రూములోకి వెళ్ళి, ముఖం కడుక్కుని వచ్చి ఇంకో తాను పరిచాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇంట్లో చెబితే మా ఆయన నూనె రాసి మెడ పట్టాడు. పట్టలేదని అనను. పడుతూ, "అంత అందం మోయాలంటే ఆ మాత్రం నొప్పి ఉంటుందిలే" అన్నాడు. అందం ఆయనదీ, మోత నాదీ అన్నమాట. మొదట్లో ఆ మాటకు సిగ్గుపడి మురిసిపోయేదాన్ని కూడా. నడుము వంగాక మురిపెం ఎక్కణ్ణుంచి వస్తుంది?

డాక్టర్ని నేనే వెతుక్కున్నాను. ఖర్చు కూడా నా జీతంలో మిగుల్చుకున్న దాంతోనే పెట్టుకున్నాను. ఎంత తీయాలో కూడా నేనే చెప్పాను. కొలతలతో బతికేదాన్ని, నా ఒంటి కొలత నాకు తెలియదా? డాక్టరు నవ్వి, ఇంత కచ్చితంగా చెప్పిన పేషెంటును చూడలేదన్నాడు. మా ఆయన మాత్రం చాలా రోజులు మూతి ముడుచుకుని, చివరికి "నీ ఇష్టం" అన్నాడు. నీ ఇష్టం అన్న మాటను మొగుళ్ళు తలుపు తెరుస్తూ అనగలరు, తలుపు వేస్తూ కూడా అనగలరు. ఆయన రెండో రకంగా అన్నాడు. నేను మాత్రం మొదటి రకంగానే విని బయల్దేరాను.

ఇంటికొచ్చాక మా అమ్మాయి రోజూ నాకు తల దువ్వేది. దానికి పదమూడేళ్ళు. జడ వంకరగా అల్లి, "బాగా వచ్చిందమ్మా" అని తనే మెచ్చుకునేది. అది కూడా ఈమధ్య స్కూలు బ్యాగు ముందుకు తగిలించుకుని నడుస్తోంది. చూసినప్పుడల్లా నా కుట్ల కింద ఇంకెక్కడో కలుక్కుమనేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు అత్తయ్య నా గదిలోకి వచ్చింది. ఉతికిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. తర్వాత గోడవైపు చూస్తూ అడిగింది.

"భుజాల మీద ఆ గుంటలు పోతాయన్నారా?"

"మెల్లిగా పూడతాయన్నారు అత్తయ్యా."

"ఊఁ" అంది. తన చెయ్యి తెలియకుండానే తన భుజం మీదికి వెళ్ళింది, రవిక అంచు కింద బొటనవేలు ఆగింది. నేను చూసినట్టు గమనించి చెయ్యి తీసేసింది. "నాకైతే ఎప్పుడో బండబారిపోయాయిలే" అని, బట్టలు అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

నాకు మాత్రం తేలిక అన్నది రాలేదు. కట్లు ఉన్నాయి కదా, వాపు ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను. కట్టు మార్చడానికి ఆసుపత్రినుంచి ఒక నర్సు ఇంటికి వస్తుండేది. గలగలా మాట్లాడే మనిషి, చెయ్యి మెత్తన. ఒకరోజు ఆమెనే అడిగాను.

"వాపు ఇంకా ఎంత తగ్గుతుంది సిస్టర్?"

"వాపు దాదాపు పోయింది మేడమ్. ఇక ఇదే మీ షేపు. కుట్లు కూడా చక్కగా మానుతున్నాయి."

"నేను చెప్పింది ఇంతకంటే చాలా తక్కువ."

ఆమె దూది పక్కన పెట్టి నవ్వింది. "మీరు అదృష్టవంతులు మేడమ్. మీవారికి మీమీద ఎంత శ్రద్ధో. ఆపరేషన్ రోజు పొద్దున్నే డాక్టర్ గారి గదికొచ్చి, మరీ ఎక్కువ వద్దు, కొంచెం తక్కువ తీయండి అని ఎంతలా చెప్పుకున్నారో. మా ఆయనైతే ఆసుపత్రి గేటు కూడా దాటడు."

ఆమె తప్పేమీ లేదు. ఆమె నా మొగుణ్ని మెచ్చుకుంటోంది. నేను ఆమె వెళ్ళేదాకా మామూలుగానే మాట్లాడి, తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. కట్టు మీదినుంచే రెండు చేతులతో పట్టి చూసుకున్నాను. నన్ను మత్తులో పడుకోబెట్టే ముందు, నేను పైన గదిలో భయంతో గోళ్ళు కొరుక్కుంటూ ఉన్నప్పుడు, కింద గదిలో ఇద్దరు మగవాళ్ళు కూర్చుని నా ఒంట్లో ఎంత ఉండాలో ఎంత పోవాలో బేరమాడుకున్నారు. ఒకడికి కత్తి ఉంది, ఒకడికి తాళి కట్టిన చెయ్యి ఉంది. నాకున్నది ఒక్క ఒళ్ళే, దాన్ని వాళ్ళ మధ్య పెట్టి నేను నిద్రపోయాను.

సాయంత్రం ఆయన బడినుంచి రాగానే అడిగాను. గొంతు పెంచితే కుట్లు లాగుతున్నాయి, అందుకని మెల్లిగానే అడిగాను.

"డాక్టరుతో ఏం చెప్పారు?"

ఆయన బూట్లు విప్పుతూ ఆగిపోయాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"ఏం చెప్పారు?"

"నేనేం చెడు చెప్పలేదే. మరీ ఎక్కువ తీయొద్దన్నాను, అంతే. బొమ్మ గీసేవాణ్ని, ప్రపోర్షన్ నాకు తెలుసు. రేపు నువ్వే అద్దంలో చూసుకుని ఏడుస్తావని."

"నాతో ఎందుకు అనలేదు?"

"అంటే వింటావా?"

"వినను."

"అందుకే మరి."

అందుకే మరి. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. నేను వినను కాబట్టి నాకు చెప్పక్కర్లేదు. అప్పటికి ఆయన గొంతులో కూడా ఉక్రోషం వచ్చింది. "పదిహేనేళ్ళు కాపురం చేశాం. నాకు ఆ మాత్రం చెప్పుకునే చనువు లేదా? అంతా తీయించేసుకుంటే నాకేం మిగులుతుంది?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఛాతీ అంతా మండింది, అయినా ఆపుకోలేకపోయాను. మెడ నొప్పికి వెళ్ళిన మనిషిని పట్టుకుని నా వాటా ఏదని అడుగుతున్నాడు.

"నాన్నా, అమ్మకి తెలియకుండా చెప్పావా?" అంది మా అమ్మాయి. అది ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

"పెద్దవాళ్ళ మాటల్లో నీకేం పని, లోపలికెళ్ళు."

"ఉండనివ్వండి" అన్నాను. "అది వినాల్సిన మాటే."

ఆయన తల్లి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా. నేను చేసిన తప్పేంటి?" అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆపేసి, తన గదిలోకి వెళ్ళి పడుకుంది. ఆ పూట ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకున్నారు. ఆయన గరిటె కోసం చాలాసేపు వెతికాడు. నేను చెప్పలేదు.

పొద్దున డాక్టరు దగ్గరికి బయల్దేరాను. కారు తీస్తానని ఆయన తాళాలు పట్టుకుని వచ్చాడు. అక్కర్లేదన్నాను. గుమ్మం దగ్గర అత్తయ్య చెప్పులేసుకుని నిలబడి ఉంది. "ఒక్కదానివి ఎలా వెళ్తావు, పద" అంది.

డాక్టరు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు. నేను అడిగినదానికి కంగారేమీ పడలేదు. "చూడండి మేడమ్, మీకు ఇలా కొంచెం నిండుగా ఉంటేనే నప్పుతుంది. మీవారు కంగారుపడి వచ్చారు, ఇద్దరూ అనుకునే చెప్పారనుకున్నాను. తేడా పెద్దదేం కాదు."

"నా దగ్గరికి ఒకామె వచ్చి కొలతలిచ్చి వెళ్తుంది. తర్వాత వాళ్ళాయన వచ్చి మార్చమంటాడు. నేను ఆమెను అడక్కుండా బట్టలో కత్తెర పెట్టను డాక్టర్ గారూ. అది బట్ట. చెడిపోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు."

"మీరు ఎమోషనల్ అవుతున్నారు" అన్నాడాయన.

అప్పుడు అత్తయ్య కుర్చీ ముందుకు జరుపుకుంది. "బాబూ, నేను వాడి తల్లిని. వాణ్ణి కన్నదాన్ని. వాడు చెప్పిన మాట నేను కొట్టేస్తున్నాను. మా కోడలు చెప్పినట్టు చెయ్యండి."

డాక్టరు చేతులు జోడించినంత పని చేశాడు. "పెద్దవారు, మీరంతగా చెబుతుంటే కాదంటానా. గాయం పూర్తిగా మాననివ్వండి, మళ్ళీ చూద్దాం. తప్పకుండా సరిచేద్దాం."

గెలిచినట్టే కదా. అత్తయ్య ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళలో ఆమె నా పక్కన నిలబడటం అదే మొదలు. ఆ సంతోషంలో నేనూ తల ఊపి లేచి వచ్చేయొచ్చు. కానీ నా కాళ్ళు కదల్లేదు.

"డాక్టర్ గారూ, ఆ రోజు మా ఆయన చెబితే సరేనన్నారు. ఇప్పుడు మా అత్తయ్య చెబితే సరేనన్నారు. రేపు మా ఓనరు వచ్చి చెప్పినా సరేనంటారేమో. ఇంతసేపు మీ ఎదురుగా కూర్చుని నేను చెప్పినదానికి మాత్రం ఎమోషనల్ అన్నారు." లేచి నిలబడ్డాను. "మళ్ళీ చేయించుకుంటాను. మీ దగ్గర మాత్రం కాదు. మీరు చేసింది తప్పని చెప్పడానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో అది కూడా కనుక్కుంటాను."

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే అత్తయ్య చిన్నబుచ్చుకుని అంది. "నేను నీ తరఫునే కదా మాట్లాడాను."

"అవును అత్తయ్యా. నా తరఫున మాట్లాడండి, ఎప్పుడూ మాట్లాడండి. నా బదులు మాత్రం మాట్లాడొద్దు."

ఆమె ఒక మెట్టు మీద ఆగింది. కోపం వచ్చిందనుకున్నాను. రాలేదు. ఆ రెండు మాటల మధ్య తేడా ఏమిటో లోపల తిప్పుకుని చూసుకుంటున్నట్టు కనిపించింది. తర్వాత నా బ్యాగు అందుకుని తన భుజానికి తగిలించుకుంది. చెయ్యి ఎత్తకూడదు కదా నీకు, అంది.

రోడ్డు దాటుతుంటే ఫోన్ మోగింది. మా ఆయన.

"డాక్టరు ఏమన్నాడు?"

"నేనేమన్నానో అడగండి" అన్నాను.