ఫైలులో పెరిగిన తోపు

హనుమంతరావుగారు ఆరు నెలలకోసారి తాడేపల్లిగూడెం కాఫీ హోటల్లో కూర్చుని మూడువందల చెట్లు పెంచేవారు.

పాఠకులు నవ్వకూడదు. అది అనుకున్నంత తేలిక పని కాదు. ఇడ్లీ వేడిగా ఉండాలి, గాలి తగిలే బల్ల దొరకాలి, పాత రిపోర్టు నకలు చేతిలో ఉండాలి. ఊరికి మూడు మైళ్ల అవతల, ఎర్రగట్టు పేటను ఆనుకుని, రోడ్డు కోసం కంకర తవ్వి మూసేసిన క్వారీ ఒకటి ఉంది. కంట్రాక్టరు గుంటలు పూడ్చి గట్టు వెంబడి మూడువందల కానుగ మొక్కలు నాటాలనీ, ఓవర్సీరు ఆరు నెలలకోసారి వెళ్లి వాటిని లెక్కపెట్టి, ఎత్తు కొలిచి రిపోర్టు పంపాలనీ ఏలూరులోని పై ఆఫీసువారి ఉత్తర్వు. ఆ ఓవర్సీరే మన హనుమంతరావుగారు. చెడ్డవాడు కాడు, పాపం. ఎండ పడని మనిషి, అంతే.

మొదటి రిపోర్టులో ‘మూడువందలూ క్షేమం, ఎత్తు రెండడుగులు’ అని రాశారు. తరవాత ప్రతి రిపోర్టుకూ పాతదానిమీద రెండేసి అడుగులు కలుపుతూ వచ్చారు. నాలుగేళ్లలో, ఎనిమిదో రిపోర్టుకల్లా చెట్లు పదహారడుగులు ఎదిగాయి. ఒక్క మొక్కా ఎండలేదు, ఒక్కదాన్నీ మేక కొరకలేదు, ఏ చెట్టూ పక్కచెట్టు కంటె అంగుళం మించలేదు. అంత క్రమశిక్షణ బళ్లో పిల్లలకు కూడా ఉండదు.

ఇక అసలు సంగతి. నాటిన మొక్కలు మొదటి వేసవిలోనే మాడిపోయాయి. గుంటలు పూడ్చనే లేదు. వానవానకూ గట్టు విరిగి గుంటలో పడుతోంది. ఆ గట్టు మీదే పేటవాళ్ల తాటాకు బడి ఉంది. క్వారీ మూసినప్పుడు బడికీ గుంటకీ ముప్పై అడుగుల ఎడం ఉండేది. ఇప్పుడు తొమ్మిదే ఉంది.

బడిపంతులు జ్ఞానయ్యగారు ఏలూరుకు మూడు అర్జీలు పెట్టారు. మూడింటికీ ఒకటే జవాబు: ‘సదరు గట్టును మూడువందల వృక్షముల వేళ్లు పట్టి ఉంచినందున, విరుగుటకు అవకాశము లేదు.’

“ఏవండీ, ఆ చెట్లేవో మనకి కనబడవేమండీ?” అని అడిగింది ఆయన భార్య యేసమ్మ.

“నా కళ్లజోడు మార్చాలేమోనే,” అన్నారు పంతులుగారు.

ముప్పై ఆరో సంవత్సరం మే నెలలో ఏలూరు ఆఫీసుకు కామేశ్వరరావుగారనే కొత్త ఇంజనీరు వచ్చారు. వచ్చీ రాగానే ఈ ఫైలు చదివి మురిసిపోయారు. ‘ఇంత చల్లని తోపు ఉండగా మనం ఇక్కడ ఉడికిపోవడమేమిటి? మంగళవారం వస్తున్నాను. ఆ నీడనే భోజనం చేస్తాను’ అని ఉత్తరం రాశారు. హనుమంతరావుగారికి తాగుతున్న కాఫీ పొలమారింది.

నాలుగేళ్లలో మొదటిసారి ఆయన క్వారీకి పరుగెత్తారు. చూసి, ఉన్నచోటనే కూలబడ్డారు. ఆయన కబురందుకుని కంట్రాక్టరు మనుషులు మంగళవారం తెల్లవారేసరికి దొరికిన కొమ్మనల్లా నరికి తెచ్చి, దారి పక్కన పాతి నలభై చెట్లు నిలబెట్టారు. తొందరలో ఏ చెట్టుదో చూసుకోలేదు.

ఇంజనీరుగారు జట్కావాడు ఏడుకొండలు బండిలో వచ్చి దిగి, తల ఎత్తి చూశారు.

“కానుగకి మునక్కాయలు కాస్తాయా, హనుమంతరావుగారూ?”

“ఈ నేల మహిమండీ.”

ఏడుకొండలు గుర్రాన్ని ఉన్నవాటిలో లావుపాటి చెట్టుకు కట్టాడు. ఇంజనీరుగారు దుప్పటి పరుచుకుని క్యారేజీ విప్పారు. నీడ మాత్రం వాడిపోయి వేలాడుతున్న ఆకుల సందుల్లోంచి జారిపోతోంది. అంతలో గుర్రానికి దాహమేసి, నీళ్ల వాసన వచ్చిన వైపు నడిచింది. దాని వెనకే చెట్టూ నడిచింది.

“అయ్యగారూ, చెట్టు వెళ్లిపోతోందండీ,” అన్నాడు ఏడుకొండలు.

హనుమంతరావుగారు ఆకాశం వంక చూస్తూ ఉండిపోయారు. ఇంజనీరుగారు క్యారేజీ మూసి లేచి, చెట్టు వెంట నడిచారు.

అది బడి ముందు ఆగింది. అక్కడ యేసమ్మ కుండతో నీళ్లు పోస్తోంది. బడి కింది వాలులో మనిషెత్తు కానుగలు పదకొండు, ఒకటి పొట్టి, ఒకటి వంకర, నిజంగా బతికి ఉన్నాయి. బడి గోడ నిండా బొగ్గుతో గీతలూ, సిలువ గుర్తులూ ఉన్నాయి.

“ఇదేమిటమ్మా?”

“మొక్కల హాజరు పట్టీ అండీ. ప్రతి ఆదివారం ప్రార్థన అవ్వగానే నేనూ పంతులుగారూ వెళ్లి ఒక్కోదాన్నీ చూస్తామండీ. ఉన్నదానికి గీత, పోయినదానికి సిలువ. అరవై పెట్టామండీ, నలభై తొమ్మిది పోయాయి.”

“పోయినవి కూడా గోడమీద రాసుకున్నారా?”

“రాయకపోతే ఎలాగండీ? పైన రాళ్లలోవి పోతున్నాయని తెలిసి కింద మట్టిలో పెట్టాం. మే నెల దాటడం లేదని తెలిసి, వేళ్లకు నీళ్లు ఊరేలా పక్కన చిల్లుకుండలు పాతాం. ఈ పదకొండూ వాటి పుణ్యమేనండీ.” ఆమె చేతిలో కుండ కింద పెట్టింది. “ఆ మూడువందలూ బతికున్నాయని రాశారటగదండీ. అందుకే చచ్చాయి. బతికుందని రాసేసిన మొక్కకి ఇంక నీళ్లెవరు పోస్తారండీ?”

ఇంజనీరుగారు బడికీ గుంటకీ నడుమ ఉన్న తొమ్మిది అడుగులూ స్వయంగా కొలిచారు. అప్పుడు హనుమంతరావుగారి వైపు తిరిగి, “రిపోర్టు ఇక్కడే కూర్చుని రాయండి,” అన్నారు.

చెమట తుడుచుకుంటూ హనుమంతరావుగారు తొమ్మిదో రిపోర్టు రాశారు: ‘మూడువందలలో బతికినవి లేవు. గుంట పూడ్చలేదు. బడి తొమ్మిది అడుగుల దూరంలో ఉంది.’ ఆయన చేతిమీదుగా వెళ్లిన రిపోర్టుల్లో ఇంత చెడ్డది లేదు. బడికి మేలు చేసింది మాత్రం ఇదొక్కటే. పది రోజుల్లో కంట్రాక్టరు బళ్లు మట్టితో వచ్చాయి. తొలకరి పడేలోగా బడివైపు గుంట పూడింది. ఆ ఏడు వానలకు గట్టు కదలలేదు.

అయ్యా, మన కచేరీల్లో అంతా క్షేమమని రాసే కలాలకు కొదవ లేదు. ఆ క్షేమం కింద ఎవరి బడి విరిగిపడుతోందో ఒక్కసారి వెళ్లి చూడాలి.

హనుమంతరావుగారు ఇప్పుడు నెలకో ఆదివారం గొడుగు వేసుకుని పేటకు వస్తున్నారు. మొన్న బొగ్గు పట్టుకుని, కొత్తగా నాటిన వరసలో ఎండిన ఒక మొక్క ముందు చాలాసేపు నిలబడ్డారు. పాత అలవాటు అంత త్వరగా పోతుందా!

“చిగురేస్తుందేమోనమ్మా. దీనికి గీతే పెడదామా?”

యేసమ్మ ఆ పుల్లను పట్టుకుని కదిపింది. వేరుతో సహా చేతిలోకి వచ్చేసింది.

“సిలువే వేయండి బాబుగారూ. పోయిందని రాస్తేనేగదండీ, ఆ చోట ఇంకోటి పెడతాం.”