తాళం వేసిన సొరుగు

పళ్ల డాక్టరమ్మ మా పాప చిట్టెలుక నోట్లోకి చిన్న అద్దం పెట్టి చూసి, "ముందు పళ్లు నాలుగూ పుచ్చిపోయాయమ్మా," అనగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగేళ్ల పిల్ల! రెండుపూటలా దగ్గరుండి తోమించేది నేను. ఇంట్లో చాక్లెట్ కాగితం కనిపిస్తే ఇల్లు పీకి పందిరేసేదీ నేనే. అంటే చాటుగా తినిపించేది ఇంకెవరు? మా అత్తయ్యే!

"మందులేమైనా వాడుతోందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఆయాసానికి ఇన్‌హేలరండీ. పొద్దున అత్తయ్య కొడతారు, రాత్రి నేను."

"అదీ ఒక కారణం కావచ్చు. నోరు ఆరిపోతుంది, లాలాజలం తగ్గితే పళ్లు తొందరగా పుచ్చుతాయి. అయితే..."

ఆ 'అయితే' తర్వాత ఒక్క ముక్క నా బుర్రకెక్కితే ఒట్టు. ఆవిడ రాసిచ్చిన కాగితాన్ని మడిచి పర్సులో కుక్కాను. దారి పొడుగునా పళ్లు కొరుకుతూనే ఉన్నాను.

ఇంటికి రాగానే రోజూ కొట్టేదీ, ఆయాసం వస్తే కొట్టేదీ, రెండు ఇన్‌హేలర్లూ కుట్టుమిషన్ సొరుగులో పడేసి తాళం వేశాను. తాళంచెవిని దారానికి కట్టి మెడలో వేసుకున్నాను. లేకపోతే అత్తయ్య నా కళ్లుగప్పి పిల్లకి మందు కొట్టేస్తుందని నాకు తెలుసు.

"పిచ్చా ఏమిటే నీకు? అది పిల్ల ఊపిరి!" అంది అత్తయ్య.

"నెల్లాళ్లుగా పిల్లికూతలు లేవు కదా! పళ్లన్నీ ఊడిపోయాక మీరు కట్టిస్తారా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. గెలిచాననుకున్నాను. నా మొహం, గెలుపు!

మూడో రోజు పొద్దున కుట్టుకొట్లో ఒకావిడకి భుజాల కొలత తీస్తుంటే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, తాళంచెవి ఎక్కడ? పిల్లకి ఊపిరాడట్లేదు!"

చెయ్యి మెడ మీదికి పోయింది. కొలతల టేపు కింద, అక్కడే ఉంది పాడు తాళంచెవి. "పగలగొట్టండి అత్తయ్యా!" అని అరిచి వీధిలోకి పరుగెత్తాను. బస్సు రాదు. ఆటోవాడు ఆగడు. ఆగినవాడేమో మొదటి మలుపులోనే ఇరుక్కుపోయాడు. దిగి మళ్లీ పరుగు. ఒక చెప్పు తెగింది, రెండోదీ విసిరేశాను. దారిలో నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. దాని పళ్లన్నీ పోయినా ఫరవాలేదు, పిల్లని ఉంచు దేవుడా అనుకున్నాను.

తలుపు బార్లా తీసి ఉంది. సొరుగు ముక్కలు, దారపు ఉండలు, సుత్తి, అన్నీ నేల మీదే. అత్తయ్య ఒళ్లో చిట్టెలుక. మొహానికి గొట్టం, దాని చివర ఇన్‌హేలర్. "ఇంకోసారి పీల్చు నా తల్లీ," అంటోంది అత్తయ్య. ఆవిడ బొటనవేలు చితికి రక్తం కారుతోంది. నేను పక్కన కూర్చుని పిల్ల వీపు నిమిరాను.

కాసేపటికి పిల్లికూతలు తగ్గాయి. పెదాలకి రంగు వచ్చింది.

"పద, ఎందుకైనా మంచిది, డాక్టర్‌కి చూపిద్దాం," అంది అత్తయ్య. తిట్టినా బాగుండేది.

కాగితాల కోసం పర్సు తెరిస్తే పళ్ల డాక్టరమ్మ రాసిచ్చిన మడత కాగితం చేతికొచ్చింది. 'ఇన్‌హేలర్ ఆపకూడదు. కొట్టిన ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. రాత్రి పళ్లు తోమేముందే కొట్టాలి.' నేనేమో రోజూ పళ్లు తోమించి, పక్క మీద పడుకోబెట్టాక కొట్టి, దీపం ఆర్పేసేదాన్ని.

ఈలోగా చిట్టెలుక ఒళ్లోంచి దిగి, ఎవరూ చెప్పకుండానే కుళాయి దగ్గరికి నడిచింది. నీళ్లు పట్టి బుగ్గలు పూరించి పుక్కిలించి ఉమ్మింది. నా చూపు గమనించి, "నానమ్మ పూట ఇలా చెయ్యాలి," అంది బొంగురుగా. "అమ్మ పూట అక్కర్లేదు."

కొంగుతో దాని మూతి తుడిచాను. "ఇకనుంచి అమ్మ పూట కూడా."

"నిద్రొస్తే?"

"ఎత్తుకుని తీసుకెళ్తాను."