ఈరయ్య పేరున్న బండ

పూడూరు రోడ్డు మీద బస్సు ఆగే చోట వేపచెట్టు నీడ ఉంది గానీ కూర్చోవడానికి ఏమీ లేదు. చనిపోయిన భర్త ఈరయ్య గుర్తుగా బీరమ్మ రెండు గొర్రెలమ్మి అక్కడ తాండూరు బండతో అరుగు వేయించింది. అరవై ఏళ్లకు నేర్చుకున్న అక్షరాలతో ఆయన పేరు బండ మీద తానే సుద్దతో రాసింది. రాళ్లు చెక్కే పరమేశ్ ఆ గీతల మీదే ఉలి నడిపాడు.

వారం తర్వాత వచ్చి చూస్తే అరుగు ఖాళీగా ఉంది. చంటిపిల్లతో ఒకామె నేల మీద కూర్చుంది.

"పైన కూసోరాదు బిడ్డా?" అంది బీరమ్మ.

"పోయిన పెద్దమనిషి పేరు మీద ఎట్ల కూసుంటనమ్మా? పాపం గాదా!"

బీరమ్మ పరమేశ్‌ను పిలిపించింది. "పేరు కిందికొచ్చేటట్టు తిప్పెయ్యి."

"అన్న పేరు మల్ల ఎవరికీ కనబడదు వదినా!"

"కనబడవట్టే గదరా ఎవ్వరు కూసుంటలేరు."

అక్షరాలను ఒకసారి వేలితో తడిమి ఆమె పక్కకు జరిగింది. పరమేశ్ బండ తిప్పేశాడు.

మర్నాడు ఒక ముసలాయన చెప్పులు విడిచి, అరుగు మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. "సల్లగున్నది. ఎవరేయించిండ్రమ్మా?"

చెబితే లేచి నిలబడతాడని బీరమ్మకు తెలుసు.

"ఎవరో ఏయించిండ్రు. జర జరుగు," అని పక్కన కూర్చుంది.